మార్టిన్ నీమోలర్ జీవితము

గ్రంథాలయమునందలి జీవితచరిత్రల బీరువా తెరచి చూచినచో మహాపురుషులు సాధారణముగా పుట్టుకతోడనే మహాపురుషులుగా కనబడుదురు. బాల్యమునందే వారి తేజస్సు బయటపడును. తప్పుదారి త్రొక్కుట వారికి తెలియదు. జర్మనీ దేశపు లూథరన్ బోధకుడగు మార్టిన్ నీమోలర్ చరిత్ర అట్టిది కాదు. ఈయన యౌవనము యుద్ధనౌకలలో గడచెను. తరువాత దేవాలయసేవకు పోయెను. తన దేశమును నాశనము చేసిన నాయకుని పక్షమునకే మొదట ఓటు వేసెను. ఆ నాయకుని చెరలోనే దాదాపు ఎనిమిదేండ్లు మ్రగ్గెను. చెర వెడలి వచ్చిన పిదప లోకము తనను వీరుడని కొనియాడుచుండగా, తాను అపరాధినని ఊరూర చెప్పుకొనెను. ఈ చివరి పని మొదటి పనులన్నిటికంటె కష్టతరమైనది.

లూథరన్ అను మాట గుంటూరు సీమవారికి కొత్తది కాదు. జర్మనీలో పుట్టి అమెరికా నుండి వచ్చిన హయ్యర్ అను బోధకుడు 1842లో గుంటూరు చేరినది మొదలు ఆ సంఘపు పాఠశాలలు, ఆసుపత్రులు అచట వెలసినవి. సంఘబోధకుని పల్లెలలో అయ్యగారని పిలుచుట వాడుక. ఆ సంఘమునకు మూలపురుషుడు 16వ శతాబ్దమునందు జర్మనీలో మతసంస్కరణమునకు పూనుకొన్న మార్టిన్ లూథర్. నీమోలర్ పుట్టిపెరిగినది ఆ సంప్రదాయముననే.

ఆయన 1892వ సంవత్సరము జనవరి 14వ తేదీన వెస్ట్‌ఫాలియా సీమలోని లిప్‌స్టాట్ పట్టణమున జన్మించెను. తండ్రి హైన్రిక్ లూథరన్ బోధకుడు. 1900లో ఆ కుటుంబము ఎల్బర్‌ఫెల్డ్ అను బట్టలమిల్లుల పట్టణమునకు తరలిపోయెను. ఆ కాలపు జర్మను బోధకుల ఇండ్లలో దైవభక్తియు రాజభక్తియు ఒకే ప్రమిదలోని రెండు వత్తులవలె వెలుగుచుండెడివి. దేవునికి విధేయుడగుటయు చక్రవర్తికి విధేయుడగుటయు వేరువేరు సంగతులని ఎవ్వరును తలంచియుండలేదు. ఈ అలవాటు నీమోలరును చాలకాలము విడువలేదు. ఆయన చేసిన పెద్ద పొరపాట్లకు మూలము ఇదియే. బాలుని మనస్సు మాత్రము సముద్రము మీదనే యుండెను. 1910లో చదువు ముగియగనే ఆయన చక్రవర్తి నౌకాదళమున శిక్షణకు చేరెను.

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. 1916 తొలినెలలలో నీమోలరును యూ-73 అను జలాంతర్గామిలో అధికారిగా నియమించిరి. ఆ నౌక ముఖ్యమైన పని మధ్యధరా సముద్రమున, శత్రునౌకలు తిరుగు త్రోవలలో, మైనులు పరచుట. ఏప్రిల్ నెలలో మాల్టా రేవు ఎదుట అది పరచిన మైనులకు రస్సెల్ అను బ్రిటిషు యుద్ధనౌక బలియయ్యెను. ఆ యేటనే నవంబరులో, టైటానిక్ నౌకకు తోబుట్టువైన బ్రిటానిక్ వైద్యనౌకగా పోవుచు అదే జలాంతర్గామి పరచిన మైను తగిలి ఈజియన్ సముద్రమున మునిగిపోయెను. పిమ్మట ఆయన యూ-39 అను మరియొక నౌకకు మారెను.

1917 జనవరి 25వ తేదీని నీమోలర్ తన జీవితమున మరువలేదు. ఆనాడు యూ-39 సైనికులను కొనిపోవుచున్న ఒక ఫ్రెంచి ఓడను టార్పెడోతో ముంచెను. నీళ్లలో కొట్టుకొనుచున్నవారిని ఎక్కించుకొనుటకు వెంట వచ్చిన రక్షకనౌక ప్రయత్నించుచుండగా, జలాంతర్గామి తన పెరిస్కోపును మాటిమాటికి పైకెత్తి చూపి దానిని బెదరగొట్టెను. మునుగువారిని రక్షించినచో వారు రేపు మరల తుపాకి పట్టుదురు గదా అనునది యుద్ధనీతి. ఆ నీతి లెక్కకు సరిపోయినను యువకుడగు అధికారి మనస్సునకు సరిపోలేదు. నిర్మలమైన అంతరాత్మతో యుద్ధము చేయుట సాధ్యమా అను సందేహము ఆ రోజుననే తనకు కలిగినదని ఆయన తరువాత వ్రాసికొనెను. ఐనను కొలువు మానలేదు. 1918లో యూసీ-67 అను జలాంతర్గామికి నాయకుడై, మొదటి తరగతి ఇనుప శిలువ పతకమును పొందెను. సందేహము కలుగుట వేరు, దాని వెంట నడచుట వేరు. ఈ రెంటి నడుమ ఆయనకు దాదాపు 40 ఏండ్లు పట్టినది.

జర్మనీ ఓడిపోయెను, చక్రవర్తి దేశము విడిచిపోయెను. జలాంతర్గాములను బ్రిటిషువారికి అప్పగింపవలసివచ్చినది. రెండు నౌకలను ఇంగ్లండుకు చేర్చుమని పైఅధికారి ఆజ్ఞాపింపగా నీమోలర్ నిరాకరించి 1919లో కొలువు విడిచెను. ఆ యేడు ఏప్రిల్ 20వ తేదీన ఎల్సె బ్రెమర్ అను విద్యావతిని వివాహమాడెను. కొత్త ప్రజాప్రభుత్వము క్రింద పనిచేయుట ఇష్టములేక, భూమి కొని సేద్యము చేసికొందమని తలంచి, సేద్యము నేర్చుటకై ఆస్నాబ్రుక్ ప్రాంతమున ఒక రైతువద్ద పాలేరుగా చేరెను. నిన్నటివరకు నౌకను నడపిన దొర నేడు పశువులశాల ఊడ్చుటకు సిగ్గుపడలేదు. కాని రూకల విలువ దినదినమునకు పడిపోవుచుండుటచే దాచిన సొమ్ముతో భూమి కొనుట కలలోని మాట అయ్యెను. అప్పుడు తండ్రిత్రోవ జ్ఞప్తికి వచ్చి మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయమున వేదాంతశాస్త్రము చదువసాగెను. ద్రవ్యోల్బణము మితిమీరిన దినములలో ఇల్లు గడచుటకు రైలుదారిపై కూలిపని చేసెను. 1920లో రూర్ ప్రాంతమున కార్మికులు తిరుగబడినప్పుడు, విద్యార్థి స్వచ్ఛందసేనలో ఒక పటాలమునకు నాయకుడై వారిని అణచుటకు పోయెను. కూలిపని చేసినవాడే ఐనను కూలివాని పక్షము ఇంకను ఆయనకు పట్టువడలేదు.

1924లో బోధకుడుగా అభిషిక్తుడై, ఏడేండ్లు వెస్ట్‌ఫాలియాలో సంఘపు ధర్మకార్యముల నిర్వహణలో గడపెను. 1931లో బెర్లిను నగరపు అంచుననున్న డాలెం అను సంపన్నుల పేటకు సంఘబోధకుడుగా వచ్చెను. నావికాదళపు వీరుడు, మంచి వక్త, నిక్కమైన దేశాభిమాని అగుటచే దేవాలయము క్రిక్కిరిసిపోవుచుండెను. హిట్లరు పక్షమునకు ఆయన 1924లోను, మరల 1933లోను ఓటు వేసెను. ఓడిపోయి తలవంచుకొన్న దేశము తలయెత్తుననియు, మతమునకు పూర్వపు గౌరవము తిరిగి వచ్చుననియు ఆయన ఆశ. ఈ విషయమును ఆయన భక్తులు కొందరు దాచిపెట్ట జూచిరిగాని ఆయన దాచలేదు.

పేచీ వచ్చినది సంఘములోనే. ప్రభుత్వోద్యోగములనుండి యూదులను తొలగించుటకు నాజీలు చేసిన శాసనమును దేవాలయములకు కూడ వర్తింపజేసి, యూదుల వంశమున పుట్టిన బోధకులను వెళ్లగొట్టవలెనని నాజీ పక్షపాతులైన క్రైస్తవులు 1933లో తీర్మానించిరి. బాప్తిస్మము పొందినవాడు క్రైస్తవుడే, వాని రక్తమును పరీక్షించుటకు ప్రభువులెవరని నీమోలర్ ఎదురుతిరిగెను. ఆ సెప్టెంబరులో బోధకుల ఆపద్బాంధవ సమితి యొకటి ఆయన పూనికతో ఏర్పడెను. 1934 జనవరి నాటికి సుమారు 7,000 మంది బోధకులు అందులో చేరిరి. ఆ మే నెలలో బార్మెన్ పట్టణమున జరిగిన మహాసభనుండి, రాజ్యము చెప్పినట్లు ఆడని సంఘము, ఒప్పుకోలు సంఘమను పేరుతో వెలసెను.

ఇచట ఒక సంగతి చెప్పక తప్పదు. నీమోలర్ అప్పుడు పోరాడినది సంఘములోని యూదుల కొరకే; సంఘము వెలుపలి యూదుల కొరకు కాదు. యూదసంతతి బోధకులు పెద్ద పదవులకు రాక అణకువతో నుండుట మేలని ఆయన ఆ 1933లోనే వ్రాసెను. క్రీస్తు మరణమునకు యూదజాతిని నిందించు పాత అపవాదును 1935లో దేవాలయపీఠము నుండి వల్లించెను. పొరుగింటికి నిప్పంటుకొన్నప్పుడు తన ఇంటి చూరు తడుపుకొన్నవాని తెలివి అది.

1934 జనవరి 25వ తేదీన హిట్లరు సంఘపెద్దలను పిలిపించెను. నీమోలరును అందులో నుండెను. మాటలు మొదలుకాకముందే గోరింగ్ ముందుకు వచ్చి, ఆ ఉదయము నీమోలర్ టెలిఫోనులో స్నేహితులతో ఆడిన మాటలను కాగితము చూచి చదివెను. తీగకు చెవి యొగ్గి రహస్యపోలీసులు వ్రాసికొన్న మాటలవి. హిట్లరు మండిపడెను. తక్కిన పెద్దలు నీళ్లు నమిలి, కొలది దినములలో ఒక్కరొక్కరుగా ప్రక్కకు తొలగిపోయిరి. నీమోలర్ మాత్రము తొట్రుపడక, దేశము నెడల తమకును దేవుడు బాధ్యత పెట్టినాడనియు, దానిని ఏ రాజును తీసివేయలేడనియు హిట్లరు ముఖము ఎదుటనే చెప్పెను. ఆ రాత్రియే ఆయన ఇంటిని పోలీసులు గాలించిరి. ఆ యేటనే ఆయన వ్రాసిన ఆత్మకథ, జలాంతర్గామి దినములనుండి ధర్మపీఠము వరకు, అచ్చుపడి విరివిగా అమ్ముడుపోయెను. వ్రాసిన చేయి దేశాభిమానిదే అగుటచే దానిలో ప్రభుత్వమునకు తప్పు దొరకలేదు.

తరువాతి మూడేండ్లు నిషేధములతో, విచారణలతో గడచినవి. చెరలోనున్న బోధకుల పేర్లను ఆయన దేవాలయములో బిగ్గరగా చదివి వారి కొరకు ప్రార్థించుచుండెను. 1937 జూలై 1వ తేదీన ఆయనను పట్టుకొనిపోయి మోఅబిట్ చెరసాలలో ఉంచిరి. 1938 మార్చి 2వ తేదీన న్యాయస్థానము ఏడునెలల శిక్షయు 2,000 మార్కుల జరిమానాయు విధించి, చెరలో గడచిన కాలము చాలునని విడిచిపెట్టెను. భార్యాబిడ్డలు ఇంట ఎదురుచూచుచుండిరి. కాని హిట్లరు ఆజ్ఞ మేరకు రహస్యపోలీసులు ఆయనను అచటనే మరల పట్టుకొని సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరమునకు కొనిపోయిరి. ఇక నేరము లేదు, విచారణ లేదు, గడువు లేదు. హిట్లరు సొంత బందీయని ఆయనకు పేరు.

సాక్సెన్‌హౌసెనులో ఆయనకు ఒంటరి కొట్టు. డాలెం దేవాలయములో సంఘమువారు ఆయన కొరకు ప్రార్థనలు మానలేదు. ఎల్సె ఏడుగురు బిడ్డలను పెంచుచు, అనుమతి దొరికినప్పుడెల్ల శిబిరమునకు పోయి భర్తను చూచి వచ్చుచుండెను. బ్రిటనులో చిచెస్టరు పీఠాధిపతి జార్జి బెల్ ఆయన పేరును లోకము మరువకుండ పత్రికలలో వ్రాసెను; అమెరికాలో టైం పత్రిక 1940 డిసెంబరులో ఆయన చిత్రమును ముఖపత్రముపై ముద్రించెను. లోకమునకు ఆయన ధర్మవీరుడు. ఐనను 1939 సెప్టెంబరులో రెండవ యుద్ధము రాగానే ఆ ధర్మవీరుడు శిబిరము నుండియే నౌకాదళమునకు తన సేవ నర్పించుచు లేఖ వ్రాసెను. ప్రభుత్వము నిరాకరించెను. చెర తప్పించుకొనుటకే అట్లు వ్రాసెనని కొందరు సమర్థించిరి. దేశము యుద్ధమున నున్నప్పుడు పిలువకున్నను పోవలెనను చిన్ననాటి అలవాటే దానికి ముఖ్యకారణమని తోచుచున్నది.

1941 జూలైలో ఆయనను డాకౌ శిబిరమునకు మార్చి, కథోలిక బోధకులు ముగ్గురితో ఉంచిరి. ఒకే వేదమును వేరువేరుగా చదువు ఈ నలుగురు ఏండ్ల తరబడి కలిసి ప్రార్థించిరి. 1944 క్రిస్మసునాడు పలుదేశముల బందీలకు నీమోలర్ అచట బోధచేసెను. ఆ డిసెంబరులోనే ఆయన కుమార్తె యుట్టా గొంతువాపు రోగమున మరణించెను. 1945 ఫిబ్రవరిలో ఒక కుమారుడు తూర్పు రణరంగమున కూలెను. తండ్రి ఎవరిని ఎదిరించి చెరలోనుండెనో వాని సేనలోనే కొడుకు చచ్చిపోయెను.

1945 ఏప్రిల్ చివర, ఓటమి తథ్యమని తెలిసిన కావలివారు ముఖ్యబందీలను సుమారు 140 మందిని ఆల్ప్సు కొండలలోని దక్షిణ టిరోలుకు తరలించిరి. ఫ్రాన్సు మాజీ ప్రధాని లియోన్ బ్లూం, ఆస్ట్రియా మాజీ ప్రధాని షూష్నిగ్ అందులోని వారే. వారిని కాల్చివేయుదురేమో అను భయము చుట్టుకొనియుండెను. ఒక జర్మను సైన్యాధికారి పూనుకొని వారిని కావలివారి చేతులనుండి తప్పింపగా, మే నెల మొదట అమెరికను సైనికులు వచ్చి విడిపించిరి.

విడుదలయైన కొలది వారములకే నేపిల్స్ నగరమున విలేఖరుల ఎదుట, తాను సేవ నర్పించిన మాట నిజమేయని ఒప్పుకొని, జర్మనులకు ప్రజాప్రభుత్వము తగదని కూడ అనెను. నిన్న పొగడిన పత్రికలే నేడు తెగడసాగినవి. 1946 డిసెంబరులో ఆయన అమెరికా పోయినప్పుడు అధ్యక్షుని భార్యగా ప్రసిద్ధురాలగు ఎలినార్ రూజ్‌వెల్టు తన పత్రికాశీర్షికలో ఆయన రాకను ఆక్షేపించెను. ఆ ఆక్షేపణ నిష్కారణము కాదు.

కాని అప్పటికే నీమోలర్ మనస్సులో వేరొకటి జరిగియుండెను. 1945 శరత్కాలమున ఒకనాడు భార్యతో కారులో పోవుచు డాకౌ దగ్గరకు వచ్చిరి. తాను నాలుగేండ్లుండిన కొట్టును ఎల్సెకు చూపవలెనని లోపలికి తీసికొనిపోయెను. శవములను కాల్చిన కొలిమి దగ్గర, 1933 మొదలు 1945 వరకు అచట దహింపబడినవారి సంఖ్య వ్రాసిన పలక వ్రేలాడుచుండెను. ఎల్సె ఆ సంఖ్యను చూచి తూలిపడబోయెను. నీమోలరును కలవరపెట్టినది సంఖ్య కాదు, ఆ మొదటి సంవత్సరము. 1937 జూలై తరువాత ఏమి చేసితివని దేవుడు అడిగినచో చెరలోనుంటినని చెప్పవచ్చును. 1933 నుండి 1937 వరకు ఎచట నుంటివని అడిగినచో? ఆ నాలుగేండ్లు ఆయన స్వేచ్ఛగా నుండెను. పీఠము ఉండెను, కంఠము ఉండెను, వినువారు వేలకొలది ఉండిరి. అప్పుడే కమ్యూనిస్టులను శిబిరములకు తోలుకొనిపోయిరి. వారు నాస్తికులు గదా యని ఊరకుండెను. ఆ పలక ఎదుట ఆయనకు జవాబు దొరకలేదు. ఈ వృత్తాంతమును ఆయన తన ఉపన్యాసములలో మరల మరల చెప్పెను.

ఆ అక్టోబరులోనే జర్మను ప్రొటెస్టెంటు పెద్దలు స్టట్‌గార్టులో అపరాధమును ఒప్పుకొనుచు ఒక ప్రకటన చేసిరి. దానికి బలముగా పూనుకొన్నవారిలో నీమోలర్ ఒకడు. ఇండ్లు కూలి, బిడ్డలు చచ్చి, రొట్టెకు వరుసలో నిలిచియున్న ప్రజలకు ఆ మాట గిట్టలేదు. 1946 జనవరిలో ఎర్లాంగెను విశ్వవిద్యాలయమున ఆయన దీనిని గూర్చి చెప్పుచుండగా విద్యార్థులు కాళ్లు నేలకేసి తన్ని అల్లరి చేసిరి. ఆయన ఆగక చెప్పెను. కమ్యూనిస్టులు, మానలేని రోగులు, యూదులు, ఆక్రమిత దేశముల ప్రజలు ఒక్కొక్కరుగా బలియగుచుండగా తాము మౌనముగా నుంటిమని ఆ ఉపన్యాసములలో ఆయన వరుసపెట్టి చెప్పుచుండెడివాడు. నేడు లోకమంతట ఆయన పేర ప్రచారమున నున్న పద్యమువంటి పంక్తులు ఆ మాటలనుండి పుట్టినవే. ఆయన కూర్చుండి కవిత్వముగా వ్రాసినవి కావు. అందుచేతనే ఒక్కొక్కచోట ఒక్కొక్క పాఠము కనబడును.

1947 నుండి 1964 వరకు ఆయన హెస్సె-నసౌ ప్రాంతీయ సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. 1952 జనవరిలో మాస్కో వెళ్లి వచ్చి స్వదేశమున మాటలు పడెను. 1938 డిసెంబరులో యురేనియం పరమాణువు చీలునని శాస్త్రజ్ఞుడగు ఆటో హాన్ కనుగొన్నది నీమోలర్ పూర్వము బోధకుడుగా నున్న డాలెంలోనే. అప్పుడు నీమోలర్ సాక్సెన్‌హౌసెనులో బందీ. 1954లో వారిరువురు కలిసికొన్నప్పుడు హైడ్రోజను బాంబు శక్తిని గూర్చి హాన్ విపులముగా చెప్పెను. ఇంటికి వచ్చి నీమోలర్ క్రొత్త నిబంధనను ఈ ప్రశ్నతో మరల చదివెనట. ఇనుప శిలువ ధరించిన నావికుడు నాటి నుండి యుద్ధమును పూర్తిగా నిరాకరించెను. 1917లో మధ్యధరా సముద్రమున కలిగిన సందేహము అప్పటికి తీరినది. 1959లో కాసెల్ నగరమున, సైనికశిక్షణమనగా నేరములకు శిక్షణమేయను భావమున మాటలాడగా, రక్షణమంత్రి స్ట్రౌస్ ఆయనపై ఫిర్యాదు చేసెను. ఆ వ్యవహారము శిక్షవరకు పోలేదు. మాజీ సైనికులు చాలమంది మనస్తాపము పొందిరి. వారి బాధ అర్థము చేసికొనదగినదే. అన్నవాడును మాజీ సైనికుడే.

1961 ఆగస్టు 7వ తేదీన డెన్మార్కులో ఆయన నడుపుచున్న కారు ప్రమాదమునకు గురియై, ఎల్సె అచటనే మరణించెను. ఆయనకును గాయములు తగిలినవి. నలుబదిరెండేండ్ల సహవాసము, అందులో ఎనిమిదేండ్లు ఆమె ఒంటరిగా మోసిన కాపురము. చేతిలో చక్రముండి ఆమెను పోగొట్టుకొనుట ఆయనకు ఎట్టి దుఃఖమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ నవంబరు, డిసెంబరులలో మన న్యూఢిల్లీ నగరమున ప్రపంచ క్రైస్తవసంఘముల సమితి మూడవ మహాసభ జరిగెను. రష్యా సనాతన సంఘము సమితిలో చేరినది ఆ సభయందే. సమితి అధ్యక్షులు ఆరుగురిలో ఒకనిగా నీమోలరును ఆ సభ ఎన్నుకొనెను. 1968 వరకు ఆ పదవి నిర్వహించెను.

1964లో సంఘాధ్యక్ష పదవినుండి విరమించినను విశ్రాంతి లేదు. 1967 జనవరిలో, 75 ఏండ్ల వయస్సున, బాంబులు పడుచున్న ఉత్తర వియత్నాముకు పోయి హానోయిలో హో చి మిన్‌ను కలిసికొనెను. సోవియట్ ప్రభుత్వము లెనిన్ శాంతి బహుమానమును, పశ్చిమ జర్మనీ ప్రభుత్వము ఉన్నత పతకమును ఇచ్చినవి. పరస్పరము పడని ఇరుపక్షములు ఒకే మనుష్యుని సన్మానించుట అరుదు. 1971లో ఆయన మరల వివాహమాడెను. 90వ పుట్టినరోజున, వయస్సు పెరిగినకొలది పాతకాలపువాడు కావలసినదిపోయి తాను విప్లవవాది నగుచుంటినని పరిహాసమాడెను.

1984 మార్చి 6వ తేదీన, 92 ఏండ్ల వయస్సున, వీస్‌బాడెన్ నగరమున నీమోలర్ మరణించెను. ఆయన శరీరమును ఆస్నాబ్రుక్ సమీపమునగల వెర్సెన్ గ్రామపు పాత శ్మశానవాటికలో సమాధి చేసిరి. యుద్ధము ముగిసి కొలువు విడిచిన నావికుడు, తొలిసారి పాలేరుగా చేరి సేద్యము నేర్చిన పొలములు ఆ ప్రాంతముననే యున్నవి.